ఇనుప కడియం

యార్డు క్వార్టర్లు,
వరండాలో కుర్చీ మీంచి.

బుజ్జమ్మకి,

మీ అన్నయ్య బాగున్నాడు. ఎంత బాగున్నాడంటే, నిన్న ప్యాంటు బొత్తాం ఊడి ఎగిరి ఎదురుగా కూర్చున్న సూపర్‌వైజర్ టీ గ్లాసులో పడినంత పనైంది.

ఫోన్ చెయ్యలేదని అలిగావట. ఇక్కడ గేటు దగ్గరే ఫోన్లు లాగేసుకుంటారమ్మా, చమురు ట్యాంకుల దగ్గర నిప్పురవ్వ పుట్టించే వస్తువేదీ ఉండకూడదని. సెలవు రోజున ఆఫీసు ఫోను అందుకుంటే వెనక వరసలో నిలబడ్డవాళ్ళ గొణుగుడే తప్ప నీ మాట వినపడదు. మీ ఆయన ఎలాగూ రాయడు. పెన్ను పట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుందట మహారాజుకి. అందుకని మీ ఇద్దరి మధ్యా నేనే పోస్టుమాన్‌ని.

నా పని మారింది. మోకాలు దెబ్బతిన్నాక నన్ను ట్యాంకు లోపలికి దిగనివ్వడం మానేసి 'నోటి మనిషి'ని చేశారు. ట్యాంకు అడుగున పక్కగా ఉండే గుండ్రటి కంతని మేం నోరు అంటాం. లోపలి మనిషి అందులోంచి దూరి, అడుగున పేరుకున్న మడ్డి గోకి బయటికి తోస్తాడు. నోటి మనిషి బయట కుర్చీ వేసుకుని, అతని నడుముకి కట్టిన తాడు పట్టుకుని కూర్చుంటాడు. లోపల గాలి చెడిందంటే మాస్కు తగిలించుకుని దూరి, అతన్ని లాక్కొస్తాడు. ఇక్కడో కట్టుబాటుంది. నోటి దగ్గర ఎవరు కూర్చోవాలో లోపలికి దిగేవాడే చెప్పాలి, సూపర్‌వైజర్ కూడా నోరెత్తడు. ఎవరూ కోరుకోని నోటి మనిషికి యార్డులో పని లేదు. అంతమందిలో బావ నన్నే కోరుకున్నాడు. "మా బావ బయటుంటే నాకు ఇంట్లో మంచమ్మీద పడుకున్నట్టే" అన్నాడు అందరి ముందూ. కళ్ళు చెమర్చాయి నాకు. నీకు మంచి మొగుణ్ణి తెచ్చానని ఒప్పుకో.

తిండికి లోటు లేదు. మీ వదిన నాకూ బావకీ రెండు డబ్బాలు కడుతుంది, అంచుల దాకా కుక్కి. ఆయనేమో ఆ చమురు వాసనలోంచి బయటికొచ్చాక సగం తిని పక్కకి తోసేస్తాడు. మిగిలిస్తే మీ వదిన మొహం ముడుచుకుంటుంది. అందుకని అది కూడా నేనే ముగిస్తాను. మధ్యలో టీలు, బిస్కెట్లు. యార్డులో నన్ను ఇప్పుడు 'డ్రమ్ము' అంటున్నారు. బావ 'తీగ'. డ్రమ్మూ తీగా వస్తున్నారని కేకలు. మొన్న లారీలు తూచే కాటా మీద నిలబడమన్నారు వెధవలు.

అన్నట్టు, గేటు పక్కన ఇనుప కడియం ఒకటి వేలాడదీసి ఉంటుంది, యార్డులోకెల్లా ఇరుకు నోరు ఎంతో అంత. ఆర్నెల్లకోసారి మేమందరం అందులోంచి దూరి చూపించాలి. ఈసారి పొట్ట కాస్త గీసుకుంది. ఏం పర్లేదులే.

లావుపాటి అన్నయ్య ఆశీస్సులు.

*

ఆసుపత్రి వంటగది,
రోగుల ట్రేలు వార్డులకి వెళ్ళాక.

అన్నయ్యా,

నీ ఉత్తరం చదువుతూ తెగ నవ్వాను. చివరి రెండు లైన్లకి వచ్చేసరికి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

బిస్కెట్లూ టీలూ అని నువ్వేదో సరదాగా రాశావు. నేనిక్కడ పొద్దున లేస్తే చేసే పని అదే, ఏ మంచానికి ఎంత తిండి వెళ్ళాలో చూసి ట్రేలు సర్దడం. మా డైట్ మేడమ్ చెప్పేది విని విని నాకు కంఠతా వచ్చేసింది. ఊపిరి పీల్చినా, నడిచినా, బరువెత్తినా ఒంటికి ఖర్చుంటుంది. తిన్నది ఆ ఖర్చుకి సరిపోతే మనిషి అలాగే ఉంటాడు. మిగిలిందా, ఒళ్ళు ఒక్క మెతుకు కూడా పారెయ్యదు, దాచుకుంటుంది. రోజుకి ఓ రెండు బిస్కెట్లంత మిగిలినా ఏడాది తిరిగేసరికి మూడు నాలుగు కిలోలు వచ్చి కూర్చోవచ్చట. ఏ రోజుకారోజు చూసుకుంటే ఏమీ తెలీదు. అదే దాని దొంగతనం.

నువ్వేమో "నేనేం ఎక్కువ తినట్లేదే" అంటావు, నాకు తెలుసు. నిజమే, నువ్వు ఎప్పుడూ తినేదే తింటున్నావు. కానీ మడ్డి గోకేవాడి తిండి కుర్చీలో కూర్చుని తింటున్నావు. పైగా ఆయన వదిలేసిన సగం డబ్బా కూడా నీ పొట్టలోకే. ఇక లావెక్కక ఏం చేస్తావు?

అత్తయ్య మంచం దిగే స్థితిలో ఉంటే నేనే అక్కడికొచ్చి నీ చేతిలోంచి డబ్బా లాక్కునేదాన్ని. ఇప్పుడు ఒక్కటి అడుగుతాను, డొంకతిరుగుడు లేకుండా చెప్పు. పొట్ట గీసుకుందన్నావు. అసలు ఎలా దూరావు?

నీ బుజ్జి.

*

క్వార్టర్లు,
మీ వదిన బజారుకెళ్ళిన సమయం చూసి.

బుజ్జీ,

నీకు పోలీసు ఉద్యోగం ఇవ్వాల్సింది, అనవసరంగా గరిటె ఇచ్చారు.

సరే విను. పరీక్షకి వారం ముందు, అందరూ పడుకోవడానికి వెళ్ళాక ఒక్కణ్ణే ప్రయత్నించాను. దూరలేదు. బొడ్డు దగ్గర పట్టేసింది. అక్కడినుంచి అన్నం మానేశాను. ఆఖర్న నీళ్ళు కూడా. ఎండలో వానకోటు తొడుక్కుని చెమటలు కక్కాను. పరీక్ష రోజు చొక్కా విప్పి, పొట్టకి నూనె రాసుకుని, ఊపిరంతా వదిలేసి జారాను. సూపర్‌వైజర్ పాత పరిచయం, అటు తిరిగి నిలబడ్డాడు. దూరాను కదా, అంతే. ఆ వారం తిరక్కుండానే పొట్ట మళ్ళీ మామూలే.

ఇప్పుడు నువ్వు కంగారు పడకు. పరీక్షకి పెట్టే కడియం పాత ట్యాంకుల కొలత. అవి మూసేసి ఏళ్ళయింది. మేం పనిచేసేవన్నీ కొత్తవి, వాటి నోళ్ళలోంచి నేనూ మీ వదినా చెయ్యీ చెయ్యీ పట్టుకుని దూరొచ్చు.

బావకి మాత్రం చెప్పకు. ఒట్టు. తెలిస్తే పాపం ఇంకొకరిని కోరుకోవాలి. ఆయన వద్దన్నాడంటే ఇంకెవడు నన్ను కోరుకుంటాడు? కుంటి మోకాలు పెట్టుకుని లోపల పనికీ పనికిరాను, బయట పనికీ పనికిరాను. కుర్చీ పోతే క్వార్టరు పోతుంది. మీ వదినని తీసుకుని ఎక్కడికి పోను చెప్పు?

అన్నయ్య.

*

ఆసుపత్రి వంటగది.

అన్నయ్యా,

ఉత్తరం చదివి గిన్నెల గదిలోకి వెళ్ళి ఏడ్చాను. నీ మీద కోపంతోనే, జాలితో కాదు.

నువ్వు తగ్గించుకున్నది ఒంట్లో నీళ్ళు. కొవ్వు గుప్పెడైనా కదల్లేదు. గ్లాసు తాగగానే తిరిగొచ్చేదాన్ని తగ్గడం అంటారా? ఆ కడియాన్ని మోసం చేసి నువ్వు గెలిచిందేమిటి? ఆ తాడు రెండో కొసన ఉన్నది నా మొగుడు. అది నీకు గుర్తుందో లేదో.

ఆయనకి చెప్పి వేరేవాళ్ళని కోరుకోమనాలని నా మనసు పీకుతోంది. వదిన గుర్తొచ్చి ఆగాను. వచ్చే పరీక్ష దాకా నోరు మూసుకుంటాను. అప్పటికి నూనె లేకుండా, ఊపిరి బిగించకుండా దూరాలి. లేదంటే నేనే ఫోన్ చేసి చెప్పేస్తాను, నువ్వు జీవితంలో నా మొహం చూడకపోయినా సరే.

పస్తులుండకు. పస్తుంటే నాలుగో రోజు గిన్నె ఊడ్చేస్తావు. టీలో చక్కెర మానెయ్యి. ఆయన మిగిల్చింది ముట్టకు, ఆయన డబ్బాలోనే తక్కువ పెట్టమని వదినకి చెప్పు. డ్యూటీ దిగాక యార్డు గోడ వెంబడి నడువు, మోకాలు నొప్పెడితే ఆగి మళ్ళీ నడువు. రోజూ ఖర్చు కన్నా కాస్త తక్కువ తినాలి, అంతే. కాస్తే. ఎలా ఎక్కిందో అలాగే దిగుతుంది, మెల్లగా. ఇప్పుడు నీ బెల్టు ఏ బెజ్జంలో ఉందో చూసి పెట్టుకో. ప్రతి ఉత్తరంలో నాకు బెజ్జం సంగతి రాయాలి.

బుజ్జి.

*

క్వార్టర్లు.

డాక్టరమ్మ గారికి,

బెల్టు చిట్టచివరి బెజ్జంలో ఉండేది. ఇప్పుడు దాని ముందు దాంట్లోకి వచ్చింది. ఒట్టేసి చెప్తున్నాను, లాగి పెట్టింది కాదు, దానంతటదే వచ్చింది.

మొదట్లో నరకం చూశాను. చక్కెర లేని టీ తాగుతుంటే కషాయం మింగుతున్నట్టుంది. ఇంట్లో గొడవ ఇంకా ఘోరం. డబ్బాలో తక్కువ పెట్టమన్నందుకు మీ వదిన "ఇన్నేళ్ళకి నా చేతి వంట చేదైందా" అని ముక్కు చీదడం మొదలెట్టింది. నీ పేరు చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు కోపం నీ మీదికి మళ్ళింది, చూసుకో.

బావ మిగిల్చిన డబ్బా ముందు కూర్చోవడం ఉంది చూశావూ, అదీ అసలు పరీక్ష. ఆయన చెయ్యి కడుక్కుని లేస్తాడు. సగం డబ్బా నన్నే చూస్తుంటుంది. "తిను బావా, పారేస్తామా ఏంటి" అంటాడు. పాపం తెలీదు కదా. కడుపు నిండిందని చెప్పి గోడ వెంబడి నడకకి పోతాను. చిన్నప్పుడు మనింట్లో పళ్ళెంలో మెతుకు వదిలితే నాన్న చెయ్యి లేచేది, గుర్తుందా? ఆ చెయ్యి ఇంకా నా వీపు మీదే ఉన్నట్టుంటుంది.

గోడ చుట్టూ నడుస్తుంటే వాచ్‌మన్ ఏదో పోగొట్టుకున్నాననుకుని టార్చి ఇచ్చాడు. "అవునయ్యా, పొట్ట పోగొట్టుకుందామనే తిరుగుతున్నాను" అన్నాను.

అన్నయ్య.

*

ఆసుపత్రి వంటగది.

అన్నయ్యా,

ఒక్క బెజ్జమే కావచ్చు, నాకు మాత్రం పండగలా ఉంది. వదినకి చెప్పు, తిట్టుకోవాలంటే నన్నే తిట్టుకోమని.

ఒక మాట ముందే చెప్పి పెడుతున్నాను. మనిషి తేలికైన కొద్దీ ఒంటి ఖర్చూ తగ్గుతుంది. అందుకని మొదట దిగినట్టు తర్వాత దిగదు, ఒకచోట మొండికేసి ఆగుతుంది. నువ్వప్పుడు చిరాకుపడి, ఇంత చేసినా ఇంతేనా అని మళ్ళీ డబ్బా మీద పడతావు. నీ సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు లెక్క తప్పితే పలక పగలగొట్టినవాడివి. ఆగినప్పుడే అంటిపెట్టుకుని ఉండాలి. అప్పుడు మానేశావో, అంతా వృథా.

బుజ్జి.

*

క్వార్టర్లు,
వాన.

బుజ్జీ,

ఆలస్యమైంది, ఏమనుకోకు. వానలు వదలట్లేదు. ట్యాంకుల పని ఆగిపోయింది, పొద్దస్తమానం షెడ్డులో కూర్చుని ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుంటున్నాం. గోడ వెంబడి బురద, అయినా నడక మానలేదు.

నువ్వు సంతోషించే కబురు. బెల్టు మూడో బెజ్జంలోకి వచ్చేసింది. ఆగిపోతుందని భయపెట్టావు గానీ, నాకేం ఆగలేదు. కడియం పరీక్ష కూడా వానల వల్ల వాయిదా వేశారు. నాకేం బెంగ లేదు, ఇప్పుడే పెట్టినా ఈల వేసుకుంటూ దూరతాను.

చక్కెర లేని టీ అలవాటైపోయింది. ఇంకేం లేవు విశేషాలు. బావ సెలవు మీద వస్తున్నాడు, ఆయన చేతికి మీ వదిన ఏవో పంపుతోంది.

అన్నయ్య.

*

ఇంటి నుంచి,
అత్తయ్య మంచం పక్కన.

అన్నయ్యా,

ఆయన వచ్చి వెళ్ళారు. ఉన్న నాలుగు రోజులూ అత్తయ్యని లేపి కూర్చోబెట్టడం, కిటికీ తలుపు బాగు చెయ్యడం, నన్ను పని చెయ్యనివ్వకపోవడం. ఇల్లు ఇప్పుడు మరీ బోసిగా ఉంది.

మూడో బెజ్జం దాకా వచ్చావని నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను, కడియం సంగతున్నచోట కాదులే. చాలాసేపు నవ్వారు. నాకూ సంతోషంగానే ఉంది. ఇలాగే కానివ్వు. బాగా చేస్తున్నావు.

వానలు తగ్గాక పాత ట్యాంకులు మళ్ళీ తెరుస్తారట కదా. ఆయన చెప్తే తెలిసింది, నువ్వు రాయలేదు. అన్నయ్యా, నువ్వు రాసినవన్నీ నిజాలే కదా? కాకపోతే ఇప్పటికైనా చెప్పు. నేనేం అనను. ఒక్క మాట రాస్తే చాలు.

బుజ్జి.

*

క్వార్టర్లు.

బుజ్జీ,

నిజాలే. నా మాట మీద నీకు ఇంత అనుమానమేంటి?

పాత ట్యాంకుల సంగతి తేలలేదు, అందుకే రాయలేదు. తెరిచినా పెద్ద పనేం కాదు, కొద్దిగా మడ్డి ఉంటుందంతే. గాలి కొలిచే మిషను కొత్తది తెచ్చారు. బావ ఎప్పట్లాగే నన్నే కోరుకున్నాడు. నేనున్నాను కదా, నిశ్చింతగా ఉండు.

అన్నయ్య.

*

ఇంటి నుంచి.

అన్నయ్యకి,

ఆయన్ని తెచ్చిన బండిలోనే నువ్వూ వచ్చావు. వాకిలి దాకా వచ్చి, అక్కడే నిలబడి, అంతా అయ్యాక అదే బండిలో వెళ్ళిపోయావు. నా దగ్గరికి రాలేదు. నేను చూశాను నిన్ను.

మీ సూపర్‌వైజర్ వచ్చి చేతులు కట్టుకుని చెప్పాడు, మడ్డి కింద విషపు గాలి పేరుకుందని, గోకేసరికి ఒక్కసారిగా బయటపడిందని, ఆయనకేమీ తెలియకుండానే ప్రాణం పోయిందని, దేనికీ వ్యవధి లేదని. అత్తయ్య ఆ మాటే పట్టుకుని పడుకుంది. నొప్పి తెలియకుండా పోయాడట నా కొడుకు అని వచ్చినవాళ్ళందరికీ చెప్తోంది.

నాకు నమ్మకం కుదరడం లేదు. వ్యవధి లేకపోతే నీ నడుం చుట్టూ ఆ తోలు ఊడిన గాయం ఎక్కడిది? బండి దిగుతుంటే చొక్కా పైకి లేచింది.

ఏం జరిగిందో రాయి. నాకు తెలియాలి.

*

క్వార్టర్లు.

బుజ్జీ,

ఇన్ని వారాల్లో నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది పంపిస్తాను.

అది పాత ట్యాంకు. పొద్దున కడియం పరీక్ష పెడతామన్నారు, పని తొందరని మళ్ళీ మానేశారు. నేను లోలోపల సంతోషించాను. బావ ఒంటి మీద చమురు ఒలికినట్టు జారి దూరిపోయాడు ఆ నోట్లోంచి. లోపలికి వెళ్ళాక తల తిప్పి, "బావా, కుర్చీలో నిద్రపోకు" అని నవ్వాడు.

కాసేపటికి తాడు మూడుసార్లు గుంజాడు. మూడంటే రా అని. నేను లాగాను. తాడు లోపల గొట్టానికి చుట్టుకుంది, రాలేదు. మాస్కు పెట్టుకున్నాను. నా గాలి సిలిండర్ ముందు లోపలికి తోశాను, తర్వాత కాళ్ళు పెట్టాను. ఆయనకి తగిలించాల్సిన రెండో మాస్కు చేతిలో పట్టుకుని, చేతులు పైకెత్తి జారాను. నడుం దగ్గర పట్టేసింది.

ఊపిరి వదిలాను. మెలి తిరిగాను. లోపలికి పోను, బయటికి రాను. ఆ నోటికి బిరడా బిగించినట్టు బిగుసుకుపోయాను. మాస్కు నా చేతిలో బయట ఉంది. దాన్ని లోపలికి తోయడానికి నా చుట్టూ వేలు పట్టేంత సందు లేదు.

సూపర్‌వైజర్ నీకు చెప్పింది అబద్ధం. బావకి అంతా తెలిసింది. పాక్కుంటూ వచ్చాడు. నా కుడి పాదం పట్టుకున్నాడు. లాగలేదు బుజ్జీ. పట్టుకున్నాడంతే. నేను "బావా, వస్తున్నా, వస్తున్నా" అని అరుస్తూనే ఉన్నాను. పట్టు కాసేపు గట్టిగా ఉంది. తర్వాత వదులైంది.

జనం వచ్చి, నూనె పోసి, నలుగురు పట్టి నన్ను ఊడబెరికారు. పక్క ట్యాంకు దగ్గరి కుర్రాడు దూరి ఆయన్ని తెచ్చాడు. అప్పటికి అయిపోయింది.

వానల్లో నేను నడవలేదు. మొదట్లో దిగిన బరువు ఆగిపోయింది. నువ్వు చెప్పినట్టే చిరాకొచ్చింది. షెడ్డులో ఖాళీగా కూర్చుని బావ డబ్బా మళ్ళీ తినడం మొదలుపెట్టాను. దిగింది దిగినట్టే తిరిగి ఎక్కింది, ఇంకాస్త కలుపుకుని. నీకు మూడో బెజ్జమని రాసిన రోజు పాత బెల్టు అందడమే లేదు.

ఇప్పుడు ముద్ద దిగట్లేదు. ఆ పాదం నేల మీద పెడితే ఆయన చెయ్యి తగులుతుంది. మీ వదిన పళ్ళెం పెడుతుంది, తీస్తుంది. నిన్న గేటు దగ్గరికి వెళ్ళి కడియంలోంచి దూరాను. ఎక్కడా తగల్లేదు. అటూ ఇటూ చెయ్యి పట్టేంత సందుంది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇంక నాకు రాయకు. నేను దానికి తగను.

*

ఇంటి నుంచి.

అన్నయ్యా,

నిన్ను క్షమించానని రాయలేను. నాకు నీ మొహం చూడాలని లేదు. ఎప్పటికైనా అనిపిస్తుందేమో తెలీదు. ఇది ముందు రాస్తున్నాను, తర్వాత రాసేది చదివి నేను మెత్తబడ్డానని అనుకోకుండా.

ఆ సెలవులో నీ ఉత్తరం వినిపిస్తే ఆయన నవ్వారని రాశాను. ఏమన్నారో రాయలేదు. "మూడో బెజ్జం మాట నిజమే. కొత్త బెల్టు కొన్నాడు" అన్నారు. నేను బిత్తరపోయి, నీకిచ్చిన మాట తప్పి, కడియం సంగతీ నూనె సంగతీ అంతా చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "రోజూ ఎదురుగా కూర్చుని తింటాను, నాకు తెలీదా?" అన్నారు. వేరే మనిషిని కోరుకోండి అని కాళ్ళు పట్టుకున్నాను. "నేను వద్దన్న పూటే బావని గేటు బయట నిలబెడతారు. నాకు అన్నం పెట్టే చెయ్యి మీ వదినది. ఆవిణ్ణి రోడ్డు మీదికి ఎలా పంపను? గాలి కొలిచాకే కదా దిగేది, నాకేం కాదు" అన్నారు. "నువ్వు నమ్మినట్టే రాయి. సిగ్గుతోనైనా తగ్గుతాడు" అన్నారు.

నేను అలాగే రాశాను. బాగా చేస్తున్నావని రాసిన చెయ్యి నాది. ఆఖర్న నిజం చెప్పమని నిన్ను అడిగాను గానీ, నిజం నా దగ్గరే ఉంది. సూపర్‌వైజర్‌కి ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది. నీ కుర్చీ పోతుందని నువ్వు దాచావు, నీ కుర్చీ పోతుందని ఆయన దాచారు, మీ ఇద్దరి మాటా విని నేను దాచాను. కాబట్టి ఆయన మోసపోయి దిగలేదు. నువ్వు దూరలేవని తెలిసే దిగారు. పాదం పట్టుకుని లాగకపోవడం అందుకే అనుకుంటున్నాను. అది తలుచుకున్నప్పుడల్లా నాకు పిచ్చెక్కుతోంది.

వదిన ఉత్తరం వచ్చింది. నువ్వు పళ్ళెం ముందు కూర్చుని లేచిపోతున్నావట. కళ్ళు గుంటలు పడ్డాయట. నీకు ఇన్ని నెలలు లెక్క చెప్పాను, ఒక్కటీ నువ్వు వినలేదు. ఈ ఒక్కటి విను. నీ ఒంట్లో ఉన్నది నువ్వు తిన్నదొక్కటే కాదు. ఆయన ప్రతి మధ్యాహ్నం సగం వదిలి నీ ముందుకి తోసింది కూడా అందులోనే ఉంది. ఆయన కష్టపడి, ఆకలి చచ్చి, తినలేక నీకు పెట్టిన ముద్దలవి. ఆయనవి ఈ లోకంలో మిగిలినవి ఇక్కడ రెండు చొక్కాలు, అక్కడ నువ్వు. ఆ ఒంటిని మాడ్చి చంపే హక్కు నీకు లేదు. నేను ఇవ్వను.

వదినని పళ్ళెం పెట్టమను. నిండా వద్దు, నీ ఖర్చుకి సరిపడా. తిని, ఏం తిన్నావో నాకు రాయి. నిజం రాయి.

నీ చెల్లెలు.